సీటో మాస్టారి కుడి భుజం

ఇంకో పదేళ్ళు ఈ బొటనవేళ్ళు ఆగుతాయా, ఆగవు, ఐదేళ్ళు కూడా ఆగవు, అనుకుంటూనే యిమ్ సుక్-హాన్ బల్ల మీద బోర్లా పడుకున్న బ్యాంకు అమ్మాయి భుజంలోకి మోచేతిని దించింది, వేలు నొప్పి పుడితే కణుపుతో నొక్కడం, కణుపు నొప్పి పుడితే మోచేతితో, మోచెయ్యి కూడా అరిగిపోయాక ఇక నుదుటితో పొడవాలి కాబోలు, ఇరవై మూడేళ్ళుగా హాంకాంగ్ జనం మెడలు పిసికీ పిసికీ వాళ్ళ నొప్పులన్నీ తన చేతుల్లోకి ఎక్కించుకున్నట్టుంది, ఈ పిల్లకేమో ఇరవై ఆరేళ్ళు, బల్లకి మొహం పెట్టుకునే కంత ఉంటుంది కదా, దాని కిందికి చేతులు చాపి ఫోన్లో ఏదో కొడుతూనే ఉంది, మెడ నొప్పని వచ్చి మెడ వంచుకునే పడుకుంది, ఏమనగలం, మేడమ్ మీరు సూదులు వేస్తారట కదా, మా ఆఫీసులో ఒకామెకి రెండు సార్లకే తగ్గిపోయిందట, అంది ఆ పిల్ల నేలతో మాట్లాడుతున్నట్టు, లేదమ్మా ఇప్పుడు వెయ్యడం లేదు, అయ్యో ఎందుకని, సూదులు అయిపోయాయి, అనేసింది సుక్-హాన్, నోటికి అలవాటైన అబద్ధం, సొరుగులో పదకొండు పెట్టెలున్నాయి, సీలు కూడా తీయనివి, ఎనిమిది నెలలుగా ఎవరడిగినా అయిపోయాయి, ఎప్పుడొస్తాయి అంటే తెలీదు, బయట మే నెల వాన, మినీబస్సులు నీళ్ళు చిమ్ముకుంటూ పోతున్న చప్పుడు మూడో అంతస్తు దాకా వస్తోంది, ఏసీ కింద పెట్టిన డబ్బా నిండింది, ఎవరో ఒకరు పారబోయాలి, ఎవరో ఒకరంటే తనే, మధ్యాహ్నం తెచ్చుకున్న బాతు మాంసం అన్నం పొట్లం ఇంకా విప్పనే లేదు, పొద్దుటి నుంచి ఇది ఎనిమిదో మెడ.

తెర పక్కకి జరిగింది, కౌంటర్లో కూర్చునే మిస్ పూన్ తల మాత్రం లోపలికి పెట్టి, మూడున్నర మనిషి పావుగంట ముందే వచ్చేశాడు, అంది, కొత్తాయనా అని అడిగింది సుక్-హాన్, కాదు, పాతాయనే, సీటో కమ్-వింగ్, ఆ పేరు మాత్రం గొంతు తగ్గించి అంది మిస్ పూన్, మోచెయ్యి ఆ పిల్ల భుజం మీదే ఆగిపోయింది, బిగుసుకుపోయి ఆగిపోయింది, మేడమ్ అక్కడ కాస్త నొప్పిగా ఉంది అంటోంది ఆ పిల్ల, సారీ అమ్మా, ఎవరు రమ్మన్నారు ఆయన్ని, ఎవరూ రమ్మనలేదు, మొన్న ఫోన్ చేసి యిమ్ మేడమ్ దగ్గరే కావాలన్నాడు, మీకు చెబితే ఈవాళ ఒంట్లో బాలేదని ఫోన్ చేసేస్తారేమోనని చెప్పలేదు, అంది మిస్ పూన్ ఏమాత్రం సిగ్గు లేకుండా, పదిహేనేళ్ళుగా తనని చూస్తున్న మనిషి, నిజమే, చేసేసేది, పక్క గది థెరపిస్టు ప్రసవానికి వెళ్ళింది, ఇంకెవరి దగ్గరకీ పంపడానికి లేదు, సరే ఐదు నిమిషాలు కూర్చోమను, అంది, కూర్చోవడమేంటి అప్పుడే గోడ మీద కండరాల బొమ్మ చూసి పంది మాంసం కొట్లో కోతల లెక్క చెబుతున్నాడు, అని నవ్వి తెర వేసేసింది మిస్ పూన్, నవ్వుతోంది, ఆవిడకేం, ఆవిడకి తెలిసింది తను రాసిచ్చిన కాగితంలో ఉన్నంతే.

బ్యాంకు అమ్మాయిని పంపించి చేతులు కడుక్కుంటోంది, నీళ్ళు వేడిగా వస్తున్నాయి, అలాగే పెట్టి ఉంచింది, ఆయన మొదటిసారి వచ్చినప్పుడు కూడా ఇలాగే పావుగంట ముందొచ్చాడు, రెండున్నరేళ్ళ కిందట, కుడి కంటి వెనక తలనొప్పి అని, రెండు జతల కళ్ళద్దాలు మార్చాడు, మెదడు ఫోటో కూడా తీయించుకున్నాడు, ఏమీ లేదన్నారట, ఏమీ లేకపోతే ఈ నొప్పి ఎవరిది డాక్టరమ్మా, మా పక్కింటోడిదా, అన్నాడు, నేను డాక్టర్ని కాదు మాస్టారూ, ఫిజియోథెరపిస్టుని, ఏదో ఒకటి, తెల్లకోటు వేసుకున్న వాళ్ళంతా నాకు డాక్టర్లే, హోటల్లో వంట మాస్టారు, నలభై ఏళ్ళుగా రొయ్యల కుడుములు చేస్తున్న చేతులు, తెల్లారగట్ల నాలుగింటికి లేచి వెదురు బుట్టలు ఏడేసి ఎనిమిదేసి దొంతర పెట్టి కుడిచేత్తో ఎత్తి ఆవిరి మీద పెట్టడం, అలాంటి భుజం ఎలా ఉంటుందో చూడకముందే తెలిసింది, మెడకీ భుజానికీ మధ్య కండని మూడు వేళ్ళతో పట్టి నలిపితే వీణ తీగలాగా ఒక పోగు తగిలింది, ఆ పోగు మధ్య పెసరగింజంత గట్టిగా ఒక ముడి, దాని మీద నొక్కితే ఆయన పడుకున్నవాడు పడుకున్నట్టే కెవ్వుమన్నాడు, అమ్మ నాయనో, నా కన్ను మీ వేలి కిందికి ఎట్లా వచ్చింది, అన్నాడు, అదే మాస్టారూ, తప్పు ఇక్కడ, కేక అక్కడ, కండలో కొన్ని పోగులు బిగుసుకున్నాక వదలడం మర్చిపోతాయి, రక్తం ఆడదు, అవి అక్కడ కూర్చుని నొప్పిని ఇంకెక్కడికో పంపుతుంటాయి, సన్నటి సూదితో ఆ ముడిని కొడితే ఒక్కసారి ఎగిరి వదిలేస్తుంది, డ్రై నీడ్లింగ్ అంటారు, డ్రై అంటే, పొడి, అందులో మందేమీ ఉండదు, మందు లేని సూదికి పనేంటి డాక్టరమ్మా, కుడుము పెట్టకుండా ఉత్త బుట్టకి ఆవిరి పట్టినట్టు, అయినా ఇది మన చైనా వైద్యుడి సూదే కదా, పేరు మార్చారా, సూది అదే మాస్టారూ, పటం వేరు, ఆయన తన నాడుల దారి చూసుకుని పెడతాడు, నేను వేలికి ఎక్కడ ముడి తగిలితే అక్కడ పెడతాను, అంతే తేడా, అని పెట్టింది, కండ లోపల చేప తోక కొట్టినట్టు ఒక్క ఎగురు, ఆయన తిట్టిన తిట్టుకి పక్క గదిలో ముసలావిడ చెవులు మూసుకుంది, తర్వాత వారం రొయ్యల కుడుములు పట్టుకొచ్చాడు, ఆవిరి చెమట పట్టిన డబ్బా, లెక్కపెట్టండి డాక్టరమ్మా, ఒక్కోదానికి పదమూడు మడతలు, ఒక్కటి తక్కువుంటే నన్నడగండి.

నీళ్ళు కట్టేసింది, చేతులు ఎర్రబడ్డాయి, పోయిన సెప్టెంబరులో తుఫాను, ఎనిమిదో నంబరు హెచ్చరిక ఎగరేసి ఊరంతా ఒకరోజు మూసేశారు, ఆ మర్నాడు రెండు రోజుల మనుషులు ఒక్క రోజులో వచ్చి పడ్డారు, ఆయన పదకొండో మనిషి, పొద్దుటి నుంచి కుర్చీ చూడలేదు, నలభై మిల్లీమీటర్ల సూదులు అయిపోయాయి, అప్పుడు నిజంగానే అయిపోయాయి, కిందికి వెళ్ళి స్టోర్లోంచి తెచ్చుకోవచ్చు, ఐదు నిమిషాల పని, చేతికందిన యాభై తీసింది, ఫరవాలేదు అనుకుంది, కండని మూడు వేళ్ళ మధ్య పట్టి పైకి ఎత్తి, సూది మొన తన వేలి వైపే వచ్చేట్టు పెట్టాలి, ఎందుకంటే దాని కిందే ఊపిరితిత్తి కొస ఉంటుంది, ఇది మొదటి ఏడాది పిల్లలకి కూడా చెప్పే మాట, తనే ఎంతమందికి చెప్పిందో, బొటనవేలు సలుపుతోంది, పట్టు జారింది, జారిందని తెలిసింది కూడా, ఒక్క క్షణం, సూది లోపలుంది, తీసి మళ్ళీ పట్టుకుని పెట్టాలి, తీయలేదు, రెండు సార్లు ఆడించింది, ఆయన చిన్నగా దగ్గాడు, ఏం మాస్టారూ, ఏం లేదు మీ ఏసీ చలి, అన్నాడు, బట్టలేసుకుని చెయ్యి గిరగిరా తిప్పి, అద్భుతం, రేపు బుట్టలు పది ఎత్తుతా, అని వెళ్ళిపోయాడు, ఆ దగ్గు, ఆ ఒక్క దగ్గు, ఎనిమిది నెలలుగా ఎవరు దగ్గినా అదే వినిపిస్తోంది, మెట్రోలో దగ్గినా, అమ్మ పొద్దున్నే గొంతు సవరించుకున్నా.

కానీ అది కాదు, సూది జారడం కాదు, సూది ఎవరికైనా జారుతుంది, అందరూ అదే అన్నారు, క్లినిక్ యజమాని కూడా, పదివేల మందిలో ఒకరికి జరుగుతుంది యిమ్, ఆయన కాగితం మీద సంతకం పెట్టాడు, ప్రమాదాలన్నీ అందులో రాసే ఉన్నాయి, జరిగింది జరిగినట్టు రాసివ్వు, అవసరానికి మించి రాయకు, అన్నాడు, రాసిచ్చింది, జరిగింది జరిగినట్టు రాసింది, ఒక్క ముక్క తప్ప, సాయంత్రం ఏడింటికి మోంగ్ కాక్ స్టేషన్లో రైలు మారుతోంది, చేతిలో ఆకుకూరల సంచి, భుజాలకి భుజాలు రాసుకుంటూ జనం, ఫోన్ మోగింది, డాక్టరమ్మా, మెట్లెక్కుతుంటే ఊపిరి అందట్లేదు, గుండెల్లో గుచ్చినట్టుంది, అన్నాడు ఆయన, మాటకీ మాటకీ మధ్య ఆగి ఆగి అన్నాడు, తనకి వినిపించింది, ఆ ఆగడం వినిపించింది, రైలు వచ్చింది, తలుపులు తెరుచుకున్నాయి, సూది పెట్టాక ఒకటి రెండు రోజులు నొప్పి మామూలే మాస్టారూ, వేడినీళ్ళ సంచి పెట్టుకుని పడుకోండి, రేపటికి సర్దుకుంటుంది, అంది, లోపలికి తోసుకుని ఎక్కింది, సీటు కూడా దొరికింది ఆ రోజు, సీటు దొరికిందని సంతోషపడింది, ఆయన అర్ధరాత్రి దాకా వేడినీళ్ళ సంచి పెట్టుకుని పడుకున్నాడు, ఆమె చెప్పినట్టే, పెదాలు నీలంగా తిరిగాక భార్య అంబులెన్సుని పిలిచింది, ఊపిరితిత్తి మూడోవంతు ముడుచుకుపోయింది, పక్కటెముకల మధ్య గొట్టం పెట్టి నాలుగు రోజులు గాలి తీశారు, నివేదికలో ఏం రాసింది, రోగికి రాత్రి ఆయాసం రాగా స్వయంగా అత్యవసర విభాగానికి వెళ్ళారు అని, అందులో ఏడింటి ఫోను లేదు, ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు, మూడో రోజు నారింజలు పట్టుకుని ఆసుపత్రికి వెళితే ఆయన భార్య వార్డు గుమ్మం దగ్గరే నిలబడి, పడుకున్నారు, అంది, లోపలి నుంచి ఆయన గొంతు వినిపిస్తూనే ఉంది, పక్క మంచం ముసలాయనతో గుర్రప్పందేల గురించి, ఇద్దరూ విన్నారు ఆ గొంతు, ఇద్దరూ విననట్టే నిలబడ్డారు, నారింజలు తిరిగి ఇంటికే వచ్చాయి, అమ్మ ఒలుచుకుని తింటూ, తియ్యగా ఉన్నాయే హాన్, ఎక్కడ కొన్నావ్, అంది.

లోపలికి రానా డాక్టరమ్మా, లేక సంతకాలేమైనా పెట్టించుకుంటారా, అని తెర అవతల నుంచి గొంతు, అదే గొంతు, ఇక తప్పదు, రండి మాస్టారూ, తెర తీసింది, కాస్త చిక్కాడు, జుట్టు మరీ తెల్లబడింది, చేతిలో తడి గొడుగు, మా ఆవిడకి గొడుగు బాగు చేయించుకొస్తానని చెప్పొచ్చా, ఇక్కడికని తెలిస్తే ఇదే గొడుగుతో కొడుతుంది, అని నవ్వాడు, నవ్వుతూనే బల్ల మీద కూర్చుని చొక్కా తీయబోయాడు, కుడి చెయ్యి భుజం ఎత్తుకి వచ్చి ఆగిపోయింది, అక్కడి నుంచి ఎడంచేత్తో లాక్కున్నాడు, చూడకూడదనుకున్నా చూసింది, పక్కటెముకల మధ్య గొట్టం పెట్టిన మచ్చ, చిన్నదే, గులాబీ రంగులో మెరుస్తోంది, ఆ మచ్చని చూస్తూ ఎలా ఉన్నారు అని అడగాలంటే ఎంత ధైర్యం కావాలి, ఆయనే అందుకున్నాడు, చూడండి, కుడిచెయ్యి ఇంతకంటే లేవట్లేదు, భుజం ముందు వైపు ఒకటే పోటు, మార్చి నుంచి, ఎముకలు సరిచేసే ఆయన దగ్గరకెళ్ళా, నెలరోజులు కంపు కొట్టే ఆకు కట్టు కట్టాడు, మా వంటింట్లో రొయ్యలు కూడా నన్ను చూసి ముక్కు మూసుకున్నాయి, కరెంటు పెట్టే చోటికెళ్ళా, ఇంజెక్షన్ వేయించుకున్నా, ఏదీ పది రోజులు ఆగలేదు, ఆదివారం అమ్మల పండగ, మా హోటల్లో నాలుగు విడతలు బల్లలు నిండుతాయి, కొత్త మేనేజర్ కుర్రాడేమో మాస్టారూ మీరు ఆ రోజు కూర్చుని రొయ్యలు ఒలవండి చాలు అన్నాడు, అన్నాడండీ, నాతో, రొయ్యలు ఒలవమని, పదిహేనేళ్ళప్పుడు మొదలెట్టిన పని అది, దాంతోనే ముగించమంటున్నాడు, అక్కడ నవ్వు లేదు ఆయన మొహంలో.

చూస్తాను పడుకోండి, అంది, బోర్లా పడుకోబెట్టి చేతులు ఆనించింది, చెయ్యి ఆనించగానే తల ఆగిపోయి చేతులే పని చేయడం మొదలుపెట్టాయి, అంత అలవాటు, మొదట అదే చోటికి వెళ్ళాయి, మెడకీ భుజానికీ మధ్య, ఆ కండ బిగుసుకునే ఉంది, కానీ ముడి లేదు, నొక్కినా ఆయన కదల్లేదు, వేడి సంచి పెట్టి కాసేపు పిసుకుతాను మాస్టారూ, వ్యాయామాలు చెబుతాను, అంది, పిసకడానికైతే నాకు మా ఇంటి పక్కనే ఉంది ఒకావిడ, ఇక్కడికెందుకొస్తా, సూది పెట్టండి, అన్నాడు ఆయన కంతలోకి, నేను సూదులు మానేశాను, ఎందుకు, అయిపోయాయి, అంది, అనగానే సిగ్గేసింది, ఆయన లేచి కూర్చున్నాడు, డాక్టరమ్మా, ఆ గాజు సొరుగులో పెట్టెలు బయటికే కనబడుతున్నాయి, నేను చదువుకోలేదు గానీ అంకెలు వచ్చు, పదకొండు, అన్నాడు, ఏసీ నీటిబొట్లు డబ్బా పొంగి నేల మీద పడుతున్నాయి, టక్, టక్, తుడవాలి, ఇప్పుడు వెళ్ళి తుడిస్తే ఐదు నిమిషాలు గడుస్తాయి, తుడుపుగుడ్డ బాత్రూములో ఉంది, అక్కడే ఇంకో ఐదు నిమిషాలు నిలబడొచ్చు, ఎన్ని ఐదు నిమిషాలు తప్పించుకుంటుంది, ఎనిమిది నెలలుగా ఇదే, ఇంటికెళ్ళి చేతులు వేడినీళ్ళలో పెట్టుకుని కూర్చుంటుంది, అమ్మ అడుగుతుంది ఏమే హాన్ ఆ సూదులతో పోయేదానికి ఈ పిసుకుడెందుకే అని, నవ్వి ఊరుకుంటుంది, అలసటగా ఉంది, ఈ అలసట చేతులది కాదని చేతులకి కూడా తెలుసు.

మాస్టారూ, ఆ రోజు సాయంత్రం మీరు ఫోన్ చేశారు, అంది, తనేనా అన్నది, అవును తనే, గొంతు ఎక్కడో కింది అంతస్తు నుంచి వచ్చినట్టుంది, మీకు ఊపిరి అందట్లేదని నాకు వినిపించింది, మీరు చెప్పకముందే వినిపించింది, ఆసుపత్రికి వెళ్ళమని చెప్పాలి, నాకు తెలుసు, రైలు వచ్చేసింది, నేను ఎక్కాలనుకున్నాను, అంతే, కాగితంలో ఆ ఫోను సంగతి రాయలేదు, ఎవరికీ చెప్పలేదు, సూది కూడా, జారిందని తెలిసీ తీయలేదు, ఆయన చొక్కా ఒళ్ళో పెట్టుకుని దాని గుండీ ఒకటి తిప్పుతూ కూర్చున్నాడు, వాన చప్పుడు, కింద ఎవరో హారన్ కొట్టారు, చాలాసేపు కొట్టారు, నాకెందుకు చెబుతున్నావు, అన్నాడు చివరికి, మీరు అన్నవాడు నువ్వులోకి దిగాడు, ఫోనుకి అవతలున్నది నేనేగా, నాకు తెలీదా, నాకా రైలు చప్పుడు వినబడింది, తలుపులు మూసుకుంటున్నాయి జాగ్రత్త అని ఆ ఆడగొంతు చెబుతుందే, అది కూడా వినబడింది, నేను వేడినీళ్ళ సంచి పెట్టుకుని పడుకున్నా, మా ఆవిడ ఆసుపత్రికి పోదాం అంటే ఆ పిల్ల చెప్పింది కదే ఊరుకో అన్నా, నీ మాట మీద గంటల తరబడి పడుకున్నా, ప్రతి ఊపిరీ స్ట్రాతో గట్టి జావ లాగినట్టు, చచ్చిపోతానేమో అనుకున్నా, నీ మీద ఒళ్ళు మండిపోయింది, ఇప్పటికీ మండుతుంది అప్పుడప్పుడు, బుట్ట ఎత్తుతుంటే గుర్తొస్తుంది, తిడతా, పేరు పెట్టి తిడతా, అని ఊపిరి తీసుకున్నాడు, నిండుగా వచ్చింది ఊపిరి, ఆమె చెవి పెట్టి విన్నది, పైనుంచి కింది దాకా.

మరి ఎందుకొచ్చారు మాస్టారూ, అంది, ఏడవకూడదు, ఏడిస్తే ఆయన ఓదార్చాల్సి వస్తుంది, అది ఇంకా అన్యాయం, ఎందుకేంటి, చెయ్యి లేవట్లేదు కాబట్టి, అన్నాడు ఆయన విసుగ్గా, చెవిటివాళ్ళకి చెప్పినట్టు, కోపం వేరు, భుజం వేరు, ఆ రోజు వేసిన సూదితో నా మెడ ఆరు నెలలు కిక్కురుమనలేదు, ఊపిరితిత్తి పోయింది గానీ మెడ బాగుపడింది, ఇంకెవరి వేళ్ళకీ ఆ ముడి దొరకలేదు, వెయ్యనంటే చెప్పు, ఎవరు వేస్తారో పేరు రాసివ్వు, ఈ వానలో మళ్ళీ తిరుగుతా, అన్నాడు, సుక్-హాన్ లేచి వెళ్ళి డబ్బా పారబోసి వచ్చింది, చేతులు కడుక్కుంది, ఈసారి చల్లటి నీళ్ళతో, వచ్చి నిలబడి, ముందు నేను చెప్పేది వినండి, సూది పెట్టాక ఇంటికెళ్ళాక ఊపిరి ఏమాత్రం అందకపోయినా, గుండెల్లో గుచ్చినా, పొడి దగ్గు వచ్చినా, నాకు ఫోన్ చెయ్యొద్దు, మొదట అంబులెన్సు, తర్వాతే నాకు, నేను ఏం చెప్పినా వినొద్దు, అంది, ఇది బాగుంది, అన్నాడు ఆయన, సూది వేసే మనిషే తన మాట వినొద్దంటోంది, మళ్ళీ బోర్లా పడుకున్నాడు.

అదే చోటు చూడకు, అని తనకి తాను చెప్పుకుంది, అదే చోటు మీదే ఎనిమిది నెలలుగా తిరుగుతోంది తల, చెయ్యి ముందుకు లేవదు, నొప్పి భుజం ముందు భాగంలో అంటున్నాడు, ముందు నొప్పంటే వెనక వెతకాలి, భుజం రెక్క మీద, బల్లపరుపుగా ఉన్న ఆ ఎముక మీద పరుచుకుని ఉన్న కండ, వేళ్ళు దాని మీద అడ్డంగా జరిగాయి, ఒకటి, రెండు, ఇదుగో, తీగ, తీగ మధ్య గింజ, నొక్కింది, ఓరి దేవుడో, అన్నాడు ఆయన, ఇక్కడ కాదమ్మా నొప్పి, ముందు, ముందు భుజంలో కొట్టింది, తెలుసు మాస్టారూ, తప్పు ఇక్కడే, దీని కింద ఎముకుంది, అడ్డంగా గోడలాగా, సూది ఊపిరితిత్తి దాకా పోదు, ఆ పాత చోట కాదా అయితే, కాదు, అక్కడ ఇప్పుడేమీ లేదు, సొరుగు తీసి సీలు చించింది, ముప్ఫై మిల్లీమీటర్లది, పెట్టె మీద అంకె రెండుసార్లు చదివింది, స్పిరిట్ దూది చల్లదనం, సన్నటి ప్లాస్టిక్ గొట్టంలో సూది, ఎడమచేతి రెండు వేళ్ళ మధ్య ఆ పోగుని అటూఇటూ జారకుండా పట్టింది, ఆగింది, పట్టు కుదిరిందని తెలిసేదాకా ఆగింది, తొందరేం లేదు, నాలుగింటి మనిషి కూర్చుంటాడు, చూపుడువేలితో ఒక్క తట్టు, చర్మం దాటింది, గొట్టం తీసేసింది, ఊపిరి ఎలా ఉంది, ఊపిరికేం, నీ చేతులే చల్లగా ఉన్నాయి, నెమ్మదిగా లోపలికి, కండ మెత్తగా, ఇంకాస్త, ఇసుకలో దిగినట్టు గరుకు, అక్కడ, ఆ గరుకులో, కండ ఎగిరింది, సూది ఆమె వేళ్ళలో కొట్టుకుంది, ఆయన బల్ల అంచుని గట్టిగా పట్టుకుని ఆమె వంశాన్ని మూడు తరాల దాకా తిట్టాడు, మళ్ళీ ఒకటి, చిన్నది, ఇంకొకటి, ఇంకా చిన్నది, ఇక ఎగరలేదు, మొన ఎముకకి తగిలింది, గట్టిగా, అక్కడితో ఆగింది, తీసేసి దూదితో నొక్కిపట్టింది, ఎంతసేపు పట్టిందో తెలీదు, దూది మీద ఆవగింజంత రక్తం, అంతే.

కదలకుండా పది నిమిషాలు పడుకోండి, అంది, పక్కనే స్టూలు మీద కూర్చుంది, ఆయన ఊపిరి వింటూ, ఆయన గురకపెట్టాడు, తెల్లారగట్ల లేచిన మనిషి, గురక కూడా నిండుగా ఉంది, తర్వాత లేపి కూర్చోబెట్టింది, చెయ్యి ఎత్తండి, ఆయన ఎత్తాడు, భుజం ఎత్తు దాకా వచ్చి ఆగబోయి, ఆగలేదు, ఇంకాస్త పైకి, చెవి దాకా, అక్కడ పళ్ళు బిగించాడు, పూర్తిగా రాలేదు, చెవి దాటలేదు, ఇంతేనా, అన్నాడు, ఈవాళ్టికి ఇంతే మాస్టారూ, నెలల తరబడి బిగిసింది ఒక్క సూదికి పోదు, వచ్చే వారం ఇంకోసారి, ఆదివారం బుట్టలు మూడు దాటి ఎత్తొద్దు, నాలుగు, మూడు, సరే మూడున్నర, అని చొక్కా తొడుక్కోవడం మొదలుపెట్టాడు, కుడిచేత్తోనే, మెల్లిగా, మొహం చిట్లించుకుంటూ, సుక్-హాన్ కాగితం తీసి రాస్తోంది, ఏ కండ, ఏ సూది, ఎంత లోతు, కింద గీత గీసి, సెప్టెంబరు నాటి నివేదికకి చేర్పు అని మొదలుపెట్టింది, సాయంత్రం ఏడు గంటలకు రోగి నాకు ఫోన్ చేశారు, అని రాసింది, ఆ వాక్యం ఎంత చిన్నదో, ఇది చదివి యజమాని ఏమంటాడో, ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో, ఏమో, రేపటి సంగతి, ఆయనకి చూపించాలనుకుంది, చూడండి మాస్టారూ రాశాను అని, ఆయన కాగితం వైపు చూడనేలేదు, గొడుగు తీసుకుని, వచ్చే గురువారం ఇదే టైముకేనా, అని అడుగుతున్నాడు, మూడున్నరకి, అంది, పావుగంట ముందే వస్తా, మీ మిస్ పూన్ మంచి టీ ఇస్తుంది, అని తెర తోసుకుని వెళ్ళిపోయాడు, మీ అన్నాడు, మళ్ళీ మీరులోకి వచ్చాడు, దానికి అర్థమేంటి, క్షమించాడనా, అని ఆమె మనసు ఆ ముక్కని పట్టుకుని అటూఇటూ తిప్పి చూడబోయింది, ఎనిమిది నెలలుగా చేస్తున్న పనే, ఆయన తిడతాడేమో, కేసు పెడతాడేమో, లేదా ఒక రోజు వచ్చి పోనీలే అమ్మా అంటాడేమో అని ఎదురుచూడడం, కానీ తిప్పి చూడ్డానికి అందులో ఏమీ లేదు, ఆయన తిట్టడానికీ రాలేదు, పోనీలే అనడానికీ రాలేదు, ఆయన కోపం ఆయన దగ్గరే ఉంది, పట్టుకుపోయాడు, వాళ్ళావిడకి అబద్ధం చెప్పి ఇంత వానలో ఆయన మోసుకొచ్చింది ఒక్క భుజాన్ని, ఆదివారం నాడు లేవాల్సిన భుజాన్ని, దాన్ని చూసే చేతులు ఆమెవి కాబట్టి వచ్చాడు, ఈ ఎనిమిది నెలలూ తన తప్పు చుట్టూ తను తిరుగుతుంటే, ఇక్కడికి రోజూ ఎంతమంది ఎన్ని భుజాలు మోసుకొచ్చారో, సూదులు అయిపోయాయి అని ఎంతమందిని పంపేసిందో, వాళ్ళెవరూ ఆమె తప్పు గురించి రాలేదు, నొప్పికి వచ్చారు, అంతే, నొప్పికి.